గెలుపు ఎవరి ఖాతాలో జమ?

నేను బ్యాంకులో చేరి ముప్ఫై యేళ్ళు దాటింది. చదివింది కామర్సు. నీతిశాస్త్రం పాఠంగా చదువుకున్నవాణ్ణి కాను. అయితే జమాఖర్చులు రాసేవాడికి కూడా అప్పుడప్పుడు ఏ పద్దులో వెయ్యాలో తెలియని అంకె ఒకటి తగులుతుంది. అలాంటిదాన్ని మేము తాత్కాలికంగా సస్పెన్సు ఖాతాలో వేసి ఉంచుతాము. ఉంచినదాన్ని తరువాత తేల్చుకోవాలి. తేల్చకుండా ఏళ్ళ తరబడి లాక్కొస్తే ఏ ఆడిటరూ ఊరుకోడు. నా సొంత సస్పెన్సు ఖాతాలో ఒక పద్దు ఇరవై యేళ్ళకు పైగా ఉండిపోయింది. దాన్ని తేల్చుకోవడానికి నాకు దారి చూపినది ఎక్కడో అమెరికాలో 1911లో ఆడిన ఒక ఫుట్‌బాల్ జట్టు. ఈ రెండింటికీ పొంతన ఏమిటని పాఠకులకు తోచవచ్చు. అందుకే ముందు నా పద్దు చెప్పి, తరువాత ఆ జట్టు సంగతి చెబుతాను.

మాది బరంపురం. 1936లో ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చిన ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ, ఆఫీసులో ఒడియా, ఇంగ్లీషు. ఇందులో నాకు ఏ కష్టమూ కనబడలేదు. కాలేజీలో ఒక ఏడు ఒడియా వక్తృత్వపు పోటీలో మొదటి బహుమతి నాకే వచ్చింది. బహుమతి ఇచ్చిన పెద్దమనిషి నా భుజం తట్టి, 'తెలుగువాడివంటే ఎవరూ నమ్మరు సుమా' అన్నారు. ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. నేనూ ఆ మాటను రెండో బహుమతిలాగా చాలా యేళ్ళు దాచుకున్నాను.

2003లో నేను కౌంటరు పక్కన బల్ల దగ్గర ఉన్నాను. ప్రమోషన్ ఇంటర్వ్యూలు దగ్గర పడ్డాయి. పైఆఫీసు నుంచి వచ్చిన ఒక అధికారి నా వెనకే నిలబడి రిజిస్టర్లు చూస్తున్నాడు. అప్పుడు ఒక ముసలమ్మ పాసుబుక్కు పట్టుకుని వచ్చి, 'బాబూ, నా పింఛను పడిందేటి?' అని అడిగింది. నేను ఒడియాలో జవాబు చెప్పాను. ఆమె నా ముఖంలోకి తేరిపార చూసి, 'ఏటి బాబూ, నువ్వు మేస్టారి కొడుకువి కావేటి?' అంది. మా నాన్నగారి దగ్గర ఆమె పిల్లలు చదువుకున్నారు కాబోలు. నేను పాసుబుక్కు ఆమె చేతిలో పెట్టి, మళ్ళీ ఒడియాలోనే, పక్క కౌంటరుకు వెళ్ళమన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. పక్కకు వెళ్ళి, వచ్చీరాని ఒడియాలో ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ అడిగింది.

ఆ ఏడే నాకు ప్రమోషన్ వచ్చింది. నన్ను తెలుగు మాట్లాడవద్దని ఎవరూ అనలేదు. ఆ అధికారి మా మాటలు విన్నాడో లేదో కూడా తెలియదు. తప్పు బ్యాంకుది కాదు, ఒడియావాళ్ళది అంతకన్నా కాదు. అయినా ఆ మధ్యాహ్నం ఎందుకో లెక్క కుదరలేదు. ఏ పద్దులో వెయ్యాలో తెలియక అలా ఉంచేశాను.

ఇక జట్టు సంగతి. మా మేనల్లుడు పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. కార్లైల్ అనే ఊరి మీదుగా వెళుతూ, అక్కడి సైనిక ఆవరణ అంచున ఒకే మాదిరి తెల్లని రాళ్ళు వరసలుగా పాతి ఉండడం చూశాడట. అవి పిల్లల సమాధులని తెలిసి వివరాలు కనుక్కున్నాడు. సెలవుల్లో వచ్చినప్పుడు, 'మామయ్యా, నీకు ఆటలంటే ఇష్టం కదా, చదివి చూడు' అని ఆ బడిని గురించిన పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు.

1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి కార్లైల్‌లోని పాత సైనిక బారకాసుల్లో అమెరికా ఆదివాసుల పిల్లలకోసం ఒక ప్రభుత్వ బడి పెట్టాడు. అక్కడ వాళ్ళను 'ఇండియన్లు' అనేవారు. మన దేశంతో వాళ్ళకు సంబంధం లేదు. దూరదూరాల నుంచి రైలు మీద తెచ్చిన ఆ పిల్లలకు మొదట జుట్టు కత్తిరించారు. సైనికుల మాదిరి దుస్తులు తొడిగారు. పేర్లు మార్చారు. ఇంగ్లీషు తప్ప మరొక భాష నోట రాకూడదన్నారు, వస్తే శిక్ష. ఒక పూట చదువు, ఒక పూట చేతిపని. కొన్ని నెలలపాటు తెల్లవారి ఇళ్ళల్లో, పొలాల్లో పనికి పంపేవారు.

ప్రాట్ రాక్షసుడైతే మనకు ఆలోచించవలసిన పని ఉండేది కాదు. ఈ తెగలు ఎలాగూ నశించేవే అని చాలామంది చేతులు దులుపుకుంటున్న కాలంలో, వీళ్ళూ మనుషులే, అవకాశమిస్తే ఎవరికీ తీసిపోరు అని వాదించినవాడు ఆయన. అయితే ఆ వాదానికి ఒక షరతు తగిలించాడు. పిల్లవాడిలోని ఇండియన్‌ను చంపితే తప్ప వాడిలోని మనిషి దక్కడన్నది 1892లో ఆయన చేసిన ఒక ప్రసంగం సారాంశం. 1918లో బడి మూతపడేవరకు 140కి పైగా తెగల నుంచి వేలమంది పిల్లలు ఈ షరతు కింద చదువుకున్నారు. రోగాలతో అక్కడే చనిపోయినవారూ ఉన్నారు. మా మేనల్లుడు చూసిన సమాధులు ఇంచుమించు 180. 2017 నుంచి కొన్ని కుటుంబాలు తమ పిల్లల అస్థికలను వెలికి తీయించి సొంత నేలకు తీసుకుపోతున్నాయి.

ఈ బడికి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. మనమాడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చంకన పెట్టుకుని, అడ్డొచ్చినవాణ్ణి తోసుకుంటూ పరిగెత్తే అమెరికా ఆట. ఒక కుర్రవాడి కాలు విరిగిందని ప్రాట్ మొదట ఆ ఆట మాన్పించాడు. పిల్లలు గుంపుగా వచ్చి బతిమాలితే రెండు షరతుల మీద ఒప్పుకున్నాడు. ఎదుటివాడు గుద్దినా మీరు తిరిగి గుద్దకూడదు. కొన్నేళ్ళలో దేశంలోకెల్లా పెద్ద జట్టును ఓడించాలి. తిరిగి గుద్దితే, 'చూశారా, అనాగరికులు' అని లోకం అంటుందని ఆయన భయం. చదువుతూ నేను ఇక్కడ కొంచెం ఆగిపోయాను. ఎదుటివాడు కొడితే అది ఆటలో వేడి. మనం కొడితే అది మన జాతి గుణం. సంఖ్యలో తక్కువవాళ్ళు ఎక్కడున్నా ఈ లెక్క కొద్దో గొప్పో తెలిసే ఉంటుంది.

1911 నాటికి ప్రాట్ ఆ బడిలో లేడు. జట్టుకు కోచ్ గ్లెన్ వార్నర్. కార్లైల్ నిజానికి కాలేజీ కాదు, చేతిపనుల బడి. కాని ఆడేది మాత్రం పేరున్న కాలేజీలతో, అదీ చాలావరకు వాళ్ళ మైదానాలకే రైలెక్కి వెళ్ళి. పెద్ద ఊళ్ళల్లో జనం ఎక్కువ, టిక్కెట్ల డబ్బూ ఎక్కువ. ఆ ఏడు వాళ్ళు పిట్స్‌బర్గ్‌ను 17–0తోను, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాన్ని 16–0తోను ఓడించి, నవంబరు 11న హార్వర్డు మైదానంలో దిగారు. హార్వర్డు అంతకుముందు ఏడు ఒక్క ఆటా ఓడిపోని జట్టు. ఈ బడిపిల్లలకు తమ ముఖ్య ఆటగాళ్ళు అక్కర్లేదనుకుని, మొదట రెండో వరస వాళ్ళను దింపింది. ఆఖరుకు అసలు ఆటగాళ్ళను పంపింది గాని అప్పటికి ఆలస్యమైపోయింది. కార్లైల్ తరఫున జిమ్ థోర్ప్ అనే సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు, దెబ్బ తగిలిన కాలికి కట్టు కట్టుకుని ఆడాడు. ఆ కాలితోనే నాలుగుసార్లు బంతిని గోలు కమ్మీల మధ్య నుంచి తన్నాడు. తన్నిన ఒక్కో గోలుకు అప్పట్లో 3 పాయింట్లు. అంటే జట్టు చేసిన 18 పాయింట్లలో 12 ఆ నాలుగు తన్నులవే. హార్వర్డు 15 దగ్గర ఆగిపోయింది.

సరిగ్గా వారం తరువాత అదే జట్టు సిరక్యూజ్ చేతిలో 11–12తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడింది. ఆ ఏడు ఆడినవి 12, గెలిచినవి 11, ఓడినది అదొక్కటే. ఈ ఓటమి నాకు నచ్చింది. ఎందుకంటే వాళ్ళు కథలోని వీరులు కారు, అలిసిపోయే కుర్రాళ్ళు. మరుసటి ఏడు, 1912 నవంబరు 9న, వెస్ట్ పాయింట్‌లో సైనికాధికారుల శిక్షణ కళాశాల జట్టును 27–6తో ఓడించారు. తరువాత దేశాధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ఓడిన జట్టులో ఉన్నాడు. ఆ ఆటకు 22 ఏళ్ళ ముందే, 1890లో, ఊండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా తెగవారిని, ఆడవాళ్ళతో పిల్లలతో సహా, చంపింది. ఆదివాసులందరికీ ఆ దేశపు పౌరసత్వమిచ్చే చట్టం 1924లో గాని రాలేదు. పౌరులు కానివాళ్ళు కూడా ఉన్న జట్టు, ఆ దేశపు ఆటలో, ఆ దేశపు సైన్యం మీద గెలిచిందన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ గెలుపు ఎవరిది?

బడి పెద్దల సమాధానం ఒకటి: మా పద్ధతి ఫలించింది. జుట్టు కత్తిరించి, భాష మాన్పించి, క్రమశిక్షణ నేర్పాము కాబట్టే హార్వర్డును ఓడించారు. దీనికి ఎదురు సమాధానం ఇంకొకటి: ఎదుటివాడి ఆటలో ఎదుటివాడి నియమాలకు తల ఒగ్గి గెలిస్తే అదేమి గెలుపు? బడికి ప్రచారం చేసిపెట్టారు, అంతే.

రెండో మాట వినడానికి పౌరుషంగా ఉంటుంది గాని నేను ఒప్పుకోలేను. పందొమ్మిదేళ్ళ కుర్రవాడికి ఆ మైదానంలో కలిగిన ఆనందాన్ని, వందేళ్ళ తరువాత కుర్చీలో కూర్చున్న నేను తీసిపారెయ్యడానికి నాకేమి హక్కు? వాళ్ళు ఆ ఆటను తమదిగా చేసుకున్నారు. వేగంతోను, ఎత్తులతోను బరువైన జట్లను బోల్తా కొట్టించారు. ఆ ఆనందం అరువు తెచ్చుకున్నది కాదు.

మొదటి మాటకు జవాబు చెప్పడం ఇంతకన్నా కష్టం. ఈ సంగతి మా బావతో అంటే ఆయన కూడా అదే అన్నాడు: 'ఆ బడే లేకపోతే థోర్ప్ ఎవరికి తెలిసేవాడోయ్? కొంత పోయింది, కొంత వచ్చింది. చెల్లుకు చెల్లు.'

ఇక్కడే నా కామర్సు నాకు పనికొచ్చింది. చెల్లుకు చెల్లు అని మా బావ తేలికగా అన్నాడు గాని, బ్యాంకులో అది అంత తేలిక కాదు. ఒక ఖాతాలోని జమను ఇంకొక ఖాతాలోని బాకీకి సర్దాలంటే రెండు ఖాతాలూ ఒకే మనిషివై ఉండాలి, ఒకే హోదాలో ఉండాలి. మైనరు పిల్లవాడి పేర సంరక్షకుడు డబ్బు వేశాడనుకోండి. సంరక్షకుడు తన సొంత అప్పు కట్టకపోతే, పిల్లవాడి డిపాజిట్టు తీసి ఆ అప్పు కింద జమకట్టుకోవడానికి బ్యాంకుకు వీల్లేదు. ఖాతా నడిపే చెయ్యి సంరక్షకుడిదే కావచ్చు, సొమ్ము మాత్రం పిల్లవాడిది.

కార్లైల్ బడి ఆ పిల్లలకు సంరక్షకురాలు. హార్వర్డు మీద గెలుపు పిల్లల డిపాజిట్టు. నోట్లోంచి తీసేసిన భాష, మార్చేసిన పేరు, ఆ 180 సమాధులు - ఇవి సంరక్షకురాలి బాకీలు. మైనరు సొమ్ముతో సంరక్షకురాలి అప్పు తీరదు. థోర్ప్ ఎన్ని గోల్సు తన్నినా, అటు సమాధిలో ఉన్న పిల్లకు బడి పడిన బాకీలో ఒక్క కాణీ తగ్గదు. అలాగే ఆ బాకీ ఎంత పెద్దదైనా థోర్ప్ గెలుపు విలువలో ఒక్క కాణీ తరగదు. రెండు పద్దులూ పూర్తి మొత్తాలతో అలాగే ఉంటాయి. మన మనసుకు మిగులు తేల్చి చూసుకోవాలని తహతహ. నిజాయితీగా రాస్తే ఇక్కడ మిగులు తేలదు.

ఆ బడి మాత్రం ఎలా రాసిందో చూడండి. థోర్ప్ 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్సులో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోను బంగారు పతకాలు గెలిచాడు. అప్పుడు అది బడి ఘనత, కోచ్ ఘనత. అంతకుముందు 1909, 1910 వేసవుల్లో అతడు కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని 1913 జనవరిలో బయటపడగానే, పెద్దలంతా తమకేమీ తెలియదన్నారు. తెలియని ఆదివాసి కుర్రవాడినని, తప్పంతా తనదేనని ఒప్పుకునే ఉత్తరం థోర్ప్ పేర వెళ్ళింది. పతకాలు పోయాయి. లాభం సంస్థది, నష్టం కుర్రవాడిది. థోర్ప్ 1953లో చనిపోయాడు. 1982లో అతణ్ణి సహవిజేతగా గుర్తించారు. ఏకైక విజేత అని రాయడానికి 2022 దాకా పట్టింది. చనిపోయిన ఖాతాదారుకు తప్పు దిద్ది జమ రాసినట్టు.

అయితే ఈ కథలో నన్ను అందరికన్నా ఎక్కువ కదిలించినవాడు థోర్ప్ కాదు. 1911 జట్టులో ఎత్తులు నడిపిన ఆటగాడు గస్ వెల్చ్. ఒజిబ్వే తెగవాడు. టిక్కెట్ల మీద వచ్చే డబ్బు ప్రభుత్వపు పద్దులోకి వచ్చేది కాదు. క్రీడా సంఘం పేర వేరే ఖాతా ఉండేది, అది బడి పెద్దల చేతిలో, కోచ్ చేతిలో నడిచేది. జట్టు పేరు దేశమంతా మారుమోగుతూ ఉంటే, ఆట ఆడని మామూలు పిల్లలు కడుపు నిండా తిండి లేదని ఫిర్యాదు చేస్తున్నారు. వెల్చ్ పూనుకుని విన్నపం రాయించి, రెండు వందల మందికి పైగా విద్యార్థుల చేత సంతకాలు పెట్టించాడు. 1914లో అమెరికా కాంగ్రెసు సంఘం కార్లైల్‌కు వచ్చి విచారించింది. క్రీడల ఖాతా తెరిపించింది. సూపరింటెండెంటు పదవి పోయింది. కోచ్ ఆ ఏటి ఆటలు కాగానే వెళ్ళిపోయాడు.

వెల్చ్‌కు సొంతంగా ఏ లోటూ లేదు. జట్టువాళ్ళకు వేరే బస, మంచి తిండి ఉండేవి. నోరు మూసుకుంటే హాయిగా గడిచేది. అతడు తన గెలుపును కాదనుకోలేదు, ఆట మానలేదు. ఆ గెలుపు వల్ల వచ్చిన గొంతుతో, గెలవనివాళ్ళ లెక్క అడిగాడు. గెలుపు ఎవరిదన్న ప్రశ్నకు నాకు ఇంతకన్నా మంచి జవాబు తోచదు. గెలుపు గెలిచినవాడిదే. కాని దాన్ని వాడు చూపించి ఎవరి బాకీనీ రద్దు చెయ్యకూడదు, చెయ్యనివ్వకూడదు.

మన సంగతితో వాళ్ళ సంగతిని పోల్చడం లేదు. మనల్ని ఎవరూ రైలెక్కించి తీసుకుపోలేదు, జుట్టు కత్తిరించలేదు. మనం ఉన్న రాష్ట్రాల భాషలు మనకు అన్నం పెట్టాయి. నాకు ఒడియా అంటే ఇప్పటికీ ప్రేమే, ఆ వక్తృత్వపు బహుమతి ఇప్పటికీ నాదే. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. సిగ్గుపడవలసినది వేరే ఉంది. కార్లైల్ పిల్లవాడు తన భాష దాచుకున్నది శిక్షకు భయపడి. నేను ఏ శిక్షా లేకుండా దాచాను. భుజం తట్టిన ఆ ఒక్క మెచ్చుకోలు చాలింది.

ఇన్నాళ్ళూ నేను చేసింది మా బావ లెక్కే. ప్రమోషన్ వచ్చింది, పిల్లలు చదువుకున్నారు, ఒక ముసలమ్మతో ఒక పూట సరిగ్గా మాట్లాడకపోతే ఏమైంది, చెల్లుకు చెల్లు అనుకున్నాను. కాని ప్రమోషన్ నా ఖాతాలో జమ. ఆ మధ్యాహ్నం ఆమెకు నేను పడిన బాకీ. ఖాతాదారులు వేరు. సర్దడానికి వీల్లేదు.

పోయిన ఏడు మా పాతవీధిలో వాకబు చేస్తే, ఆమె చనిపోయి చాలాకాలమైందని తెలిసింది. ఆమె కొడుకు మాత్రం కనబడ్డాడు. సంగతి చెబితే, 'మాయమ్మ అవేటీ మనసులో పెట్టుకోదు బాబూ' అని టీ తెప్పించాడు. అతను మాఫీ చేశాడు, మంచివాడు. అయితే అతను మాఫీ చేయగలిగేది తన ఖాతాలోని బాకీనే గాని, వాళ్ళమ్మ ఖాతాలోనిది కాదు కదా.

ఇప్పుడు మా బ్రాంచిలో తెలుగులో అడిగినవారికి, ఎవరు పక్కన నిలబడి ఉన్నా, తెలుగులోనే చెబుతున్నాను. ఇది ఆమె బాకీ తీర్చడం కాదు, కొత్త బాకీ పడకుండా చూసుకోవడం. పాత పద్దును మాత్రం సస్పెన్సు ఖాతాలోంచి తీసి, నా పేరనే ఖర్చు రాసుకున్నాను.